మక్క బెండు పైపు

మా మామయ్యది, అంటే మా ఆయన నాన్నది, కరీంనగర్ వైపు. కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. అత్తయ్య పోయాక మా దగ్గరికి, ఆరిజోనాలోని చాండ్లర్‌కి వచ్చేశారు. నాది గుంటూరు. మా ఆయనా నేనూ ఒకే కాలేజీలో చదివి, ఇంట్లోవాళ్ళతో పోట్లాడి పెళ్ళి చేసుకున్నాం. అందుకే మా ఇంట్లో రెండు తెలుగులూ నడుస్తాయి. కోపం మాత్రం ఒక్కటే, అది నాదే.

మామయ్య వచ్చిన మొదటి వేసవిలో కార్‌లో మిస్సోరి దాకా వెళ్ళాం. దారిలో గ్యాస్ స్టేషన్‌లో ఆగితే, క్యాష్ కౌంటర్ పక్కన ఒక అట్టకి వరసగా గుచ్చి కనిపించాయి, మొక్కజొన్న బెండుతో చేసిన పొగాకు పైపులు. మామయ్య ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

“గిదేంది బిడ్డా, మక్క బెండేనా?”

“అవును మామయ్యా.”

“మా దిక్కు గింజలు ఒలిచినంక దీన్ని పొయ్యిల పెడ్తరు. వీళ్ళు తొర్ర జేసి, కట్టె గుచ్చి, నోట్ల పెట్టుకుంటున్నరు. ఏం తెలివిరా నాయనా!”

అక్కడే నిలబడి ఎంత గట్టిగా నవ్వారంటే, కౌంటర్లో ఉన్న అమ్మాయి కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. చుట్టలు మానిపించింది నేనే కాబట్టి ఆయన నా మొహం వంక చూశారు. రోజుకి ఒక్కసారి, అదీ పెరట్లో, అని షరతు పెట్టి కొనిపెట్టాను. కొనిపెట్టింది కూడా నేనే. ఆ మాట చెప్పి తీరాలి.

కొన్నప్పుడు ఆ బెండు లేత పసుపు రంగులో ఉండేది. సాయంత్రం టీ అయ్యాక ఆయన పెరట్లో నిమ్మచెట్టు పక్కన కుర్చీ వేసుకుని, చిటికెడు చిటికెడుగా పొగాకు నింపి, ఆ ఒక్క దఫానే అరగంటసేపు కాల్చేవారు. ఏడాది తిరిగేసరికి బెండు పలచటి టీ రంగుకి వచ్చింది. మూడో ఏటికి చిక్కటి కాఫీ రంగు. లోపల గిన్నె గోడలకి నల్లగా, నున్నగా ఒక పొర కట్టింది. నోట్లో పెట్టుకునే ప్లాస్టిక్ కాడ మీద ఆయన పళ్ళ గుర్తులు పడ్డాయి, పైన రెండు, కింద ఒకటి. దాని విషయంలో ఆయనకి రెండే నియమాలు. నీళ్ళు తగలకూడదు, లోపలి నలుపు గీకకూడదు. కాల్చాక న్యూస్‌పేపర్ ముక్కతో తుడిచి, కిటికీ గట్టు మీద ఆరబెట్టేవారు.

“ఆ నల్లటిదే దాని పానం బిడ్డా. అదుంటేనే బెండు కాలది,” అని నాకు వందసార్లు చెప్పి ఉంటారు. నేను వందసార్లూ “సరే సరే” అన్నాను. ఆ నియమాలు నాకు తెలియవని బొంకడానికి ఇప్పుడు వీల్లేదు.

ఆయన వచ్చిన ఏడే నా ఉద్యోగం పోయింది. ఆఫీసులో వందమందిని ఒకేసారి తీసేశారు, అందులో నేనొకదాన్ని. ఇంకో ఉద్యోగం దొరికేదాకా అయిదు నెలలు ఇంట్లో కూర్చుని గోడల మీద, గిన్నెల మీద, మా ఆయన మీద అరిచాను. మామయ్య మాత్రం మధ్యాహ్నం పూట పచ్చిపులుసు చేసి, అన్నం కలిపి, కంచం నా ముందు పెట్టేవారు. “ముందుగాల తిను. ఏడ్సుడు తర్వాత జూద్దాం,” అనేవారు. పుట్టింట్లో కూడా నన్ను ఎవరూ అలా కూర్చోబెట్టి తినిపించలేదు. ఆ కంచాల రుణం నా మీద ఉంది. ఆయన విషయంలో నేనెందుకంత మొండికేశానో ఎవరన్నా అడిగితే నా దగ్గరున్న జవాబు ఇదొక్కటే.

మూడేళ్ళ క్రితం ఊపిరితిత్తులు బాగాలేవని డాక్టరు పొగ పూర్తిగా ఆపించాడు. మామయ్య పొగాకు డబ్బా నాకిచ్చేసి, పైపు మాత్రం ఖాళీగా నోట్లో పెట్టుకోవడం మొదలుపెట్టారు. దానివల్ల నష్టమేమీ లేదన్నాడు డాక్టరు. ఆ తర్వాతే మతిమరుపు వచ్చింది. మొదట పేర్లు పోయాయి, తర్వాత రోజులు, ఆ తర్వాత ఇంగ్లీషు మొత్తం. పైపు నోట్లో ఉన్నంతసేపూ మాత్రం మనిషి కుదురుగా ఉండేవారు. మాత్రలు వేసుకునేవారు, అన్నం తినేవారు, టీవీలో ఏమొస్తే అది చూసేవారు. పైపు కనబడకపోతే మాత్రం లేచి వెతుకుతూ వెతుకుతూ తలుపు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయేవారు.

కిందటి జూన్‌లో ఒకసారి అలాగే జరిగింది. పైపు బాత్‌రూమ్‌లో మరిచిపోయి, దానికోసం నిప్పులు చెరిగే ఎండలో చెప్పుల్లేకుండా రెండు వీధులు నడిచారు. ఉత్తరాలు పంచే ఆవిడ చూసి నీడలో కూర్చోబెట్టింది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి.

ఆ రాత్రి మా ఆయన అన్నాడు, “ఇంకోసారి గిట్లయితే మతిమరుపోళ్ళను చూసుకునే మెమరీ కేర్‌కి పంపుడే. నేను చిప్పుల ఫ్యాక్టరీ క్లీన్‌రూమ్‌ల ఉంటే ఫోన్ బయట లాకర్ల ఉంటది. నువ్వు మీటింగ్‌ల ఉంటవ్. బాపుకు ఏమన్నా అయితే ఎవలు జవాబు చెప్తరు?”

“నా కంఠంలో ప్రాణం ఉండగా పంపను,” అన్నాను. “అక్కడ ఆకలేస్తే ఎవరికి ఏ భాషలో చెప్తారు? పచ్చిపులుసు కావాలంటే తెచ్చిపెడతారా?”

“నాకేమన్న సంబరమా?” అన్నాడతను. నేను పట్టించుకోలేదు, గెలిచాననుకున్నాను.

ఇక నా ఘనకార్యానికి వస్తాను. ఈ ఫిబ్రవరిలో మామయ్యకి నోరు పూసింది, నాలుక మీద తెల్లగా మచ్చలు. క్లినిక్‌లో నర్సు మందిచ్చి, నోట్లో పెట్టే ప్రతి వస్తువూ శుభ్రంగా ఉంచమంది. ఆవిడ చెప్పింది కట్టుడుపళ్ళ గురించి, చెంచాల గురించి. నా కళ్ళ ముందు మాత్రం పైపే మెదిలింది. ఎనిమిదేళ్ళుగా నోట్లో నానిన వస్తువు, ఒక్కసారి కూడా నీళ్ళు చూడలేదు! ఇంటికి రాగానే, ఆయన కునుకు తీస్తున్నప్పుడు, మా అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు పాలసీసాలు మరిగించినట్టే చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టి, గుప్పెడు ఉప్పు, చెంచాడు పసుపు వేసి, పైపు అందులో పడేశాను. ఉప్పూ పసుపూ వేసి మరిగిస్తే పోని రోగం లేదని మా అమ్మమ్మ నుంచి నా దాకా అందరం నమ్మాం. ఆయన చెప్పిన నియమం గుర్తు రాలేదా అంటే, వచ్చింది. పెద్దాయన చాదస్తం అనుకున్నాను. ఇంతలో ఆఫీస్ కాల్ వచ్చింది. పది నిమిషాల కాల్ నలభై నిమిషాలైంది.

మూత తీసి చూశాను. పసుపునీళ్ళు నల్లబడ్డాయి. ఎనిమిదేళ్ళ నలుపు మాడిన అన్నంలా పెచ్చులు పెచ్చులుగా ఊడి తేలుతోంది. బెండు నీళ్ళు తాగి ఉబ్బింది, దానికి గుచ్చిన కట్టె ఊడిపోయింది, ప్లాస్టిక్ కాడ మెత్తబడి వంకర తిరిగింది. అన్నీ ఏరి పెరట్లో ఎండలో పెట్టాను. సాయంత్రానికి బెండు అడుగు నుంచి అంచు దాకా నిలువునా పగిలింది. ఆ పగులులో పసుపు కనబడుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆరోజు తెలిసింది. జిగురుతో అతికించి, దారం చుట్టి, ఆయన చేతికిచ్చాను.

మామయ్య దాన్ని వాసన చూశారు. మర్యాదగా బల్ల మీద పెట్టారు. “గిది నాది గాదు బిడ్డా,” అని లేచి దిండ్ల కింద వెతకడం మొదలుపెట్టారు.

మర్నాటికల్లా అలాంటివే రెండు కొత్త పైపులు తెప్పించాను. అదే పొడుగు, అదే లావు. ఒకటి నోట్లో పెట్టుకుని తుపుక్కున ఉమ్మేశారు. “పచ్చి బెండు,” అన్నారు. అంత మతిమరుపులోనూ ఆ తేడా మాత్రం ఆయన నాలుక పట్టేసింది.

మా ఊళ్ళో ఒక స్ట్రిప్ మాల్‌లో పొగాకు దుకాణం ఉంది. జీవితంలో మొదటిసారి అలాంటి కొట్లో అడుగుపెట్టాను. తెల్లగడ్డం ముసలాయన కూర్చుని ఉన్నాడు. పగిలిన పైపు చూపించి, సంగతంతా చెప్పి, బాగుచేయగలరా అని అడిగాను. ఉప్పూ పసుపూ అన్నప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నాడు.

“పైపుల్లో ఇదే అన్నిటికంటే చవకది. ఏడాదో రెండేళ్ళో కాల్చి, అడుగు కాలిపోతే పారేసి, ఇంకోటి కొనుక్కుంటారు. ఎనిమిదేళ్ళు నిలిచిందంటే అది మీ మామగారి చేతి చలవ. దీన్ని నేను బాగుచేయలేను.”

“ఎవరైనా వాడిన పాతది అమ్ముతారా? ఎంతైనా సరే.”

“ఒకరి పైపు ఇంకొకరికి పనికిరాదమ్మా. పాతది కావాలంటే, కొత్తదాన్ని ఎవరో ఒకరు కాల్చి పాతబరచాలి. రోజుకి రెండుసార్లు, నిదానంగా, ఒక నెలన్నర. తొందరపడితే అడుగు మాడిపోతుంది.”

ఎవరో ఒకరు ఎవరు? మా ఆయనకి ఉబ్బసం. మా అమ్మాయి చదువుకోసం బోస్టన్‌లో ఉంది. ఫోన్ చేస్తే, “అమ్మా, నువ్వు స్మోక్ చేస్తావా? ఆర్ యూ సీరియస్?” అని ముందు నవ్వి, తర్వాత ఏడ్చింది. శ్రీకాకుళం వైపు ముసలమ్మలు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారని చిన్నప్పుడు వెక్కిరించేదాన్ని. యాభై మూడేళ్ళ వయసులో, వెల్లుల్లి వాసనకే ముక్కు మూసుకునే నేను, గరాజ్ తలుపు సగం ఎత్తి, ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని పైపు ముట్టించాను. మొదటి దమ్ముకి దగ్గి దగ్గి కళ్ళల్లోంచి, ముక్కులోంచి నీళ్ళు. నోట్లో కాలిన మొక్కజొన్న పొత్తు రుచి, ఆ మీద చేదు. రెండో రోజు వాంతి. వారానికి కొంచెం అలవాటైంది. ఏలక్కాయలు నమిలేదాన్ని, తలస్నానాలు చేసేదాన్ని. ఒకరోజు పక్కవీధి ఆంటీ కరివేపాకు ఇవ్వడానికొచ్చి, గరాజ్‌లో నన్ను చూసి, ఆకు అక్కడే పెట్టి వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఊరంతా ఏమనుకుందో నాకు అక్కర్లేదు.

ఇంట్లో పరిస్థితి మాత్రం చెయ్యి దాటిపోతోంది. తలుపులకి గంటలు కట్టాం, పైన గొళ్ళేలు పెట్టాం. మామయ్య ఫ్రిజ్‌లో వెతికారు, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికారు. అన్నం సగానికి సగం తగ్గిపోయింది. మాత్రలు ఉమ్మేసేవారు. చొక్కాలు వదులైపోయాయి. రోజుకి నలభైసార్లు నన్నే అడిగేవారు, “ఏడ వెట్టినవ్ బిడ్డా?”

ఒకరోజు తట్టుకోలేక అరిచేశాను. “ఉడకబెట్టాను మామయ్యా! వద్దన్న పనే చేసి, ఉడకబెట్టి చంపేశాను! చాలా?”

ఆయన నా మొహంలోకి చూసి, నా తల మీద చెయ్యి వేశారు. “పోనీ తియ్యి. ఏడ్వకు,” అన్నారు. నేను వంటింట్లో కింద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. పది నిమిషాలకి ఆయన మళ్ళీ వచ్చి, “ఏడ వెట్టినవ్ బిడ్డా?” అని అడిగారు.

పైపు తొందరగా పాతబడాలని రోజుకి నాలుగుసార్లు కాల్చడం మొదలుపెట్టాను. ముసలాయన చెప్పినట్టే జరిగింది. పదకొండో రోజు అడుగున కాలి చిల్లుపడి నా చీర మీద నిప్పురవ్వ రాలింది. రెండోదానితో మళ్ళీ మొదటినుంచి. అదే వారం, మా ఆయన చెత్తడబ్బా బయట పెట్టడానికి తలుపు తీసిన నిమిషంలో మామయ్య బయటికి వెళ్ళిపోయారు. కాలవ గట్టు మీద దొరికారు, మోకాలు చీరుకుపోయి. మా ఆయన ఆ మర్నాడే మెమరీ కేర్‌లో పేరు రాయించి వచ్చాడు. గది ఖాళీ అయితే ఫోన్ చేస్తారట, మేము సరేనంటే చాలట.

“నెల రోజులు ఆగు,” అని బతిమాలాను. నేను మా ఆయన్ని బతిమాలడం అదే మొదలు. “పైపు తయారైతే ఆయన ఇంట్లోనే ఉంటారు. నువ్వే చూస్తావు.”

అతను పొగాకుతో పసుపుపచ్చబడ్డ నా వేళ్ళ వంక చూసి, సరేనన్నాడు.

ఈసారి నిదానంగా చేశాను. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. తుడవడం, ఆరబెట్టడం, గీకకుండా ఉండటం. బెండు లేత పసుపు వదిలి టీ రంగుకి వచ్చింది. లోపల నలుపు సన్నగా పట్టింది. కొత్త కాడ మీద గుర్తులు లేవని గుర్తొచ్చి, పైన రెండు, కింద ఒకటి వచ్చేలా నా పళ్ళతోనే కొరికాను. దుకాణం ముసలాయనకి చూపిస్తే వేలితో లోపల తడిమి, “బాగా చేశావు,” అన్నాడు. ఈలోగా మెమరీ కేర్ నుంచి ఫోన్ వచ్చింది, గది ఖాళీ అయిందని. జవాబు చెప్పడానికి రెండు రోజులు టైమ్ అడిగాం.

మర్నాడు సాయంత్రం మామయ్యకి టీ ఇచ్చి, పైపు చేతిలో పెట్టాను. మా ఆయన ఇంకా ఆఫీస్ నుంచి రాలేదు. ఆయన వాసన చూశారు. ఉమ్మలేదు. నోట్లో పెట్టుకున్నారు. నాలుకతో ఆ పళ్ళ గుర్తులు వెతుక్కోవడం నాకు తెలుస్తూనే ఉంది. భగవంతుడా, అనుకున్నాను.

ఆయన పైపు తీసి, చొక్కా అంచుతో కాడ తుడిచారు.

“ఇది ఎవలదో ఎంగిలిది బిడ్డా. మంచిగ వాడుకున్నడు. పాపం, ఎంత దేవులాడుతున్నడో. ఇచ్చి రావాలె.”

“మామయ్యా, ఇది మీదే. చూడండి, మీ పైపే.”

“నాది గాదు. ఒకలది మనమెట్ల ఉంచుకుంటం?” అని చెప్పులు వేసుకున్నారు. ఎన్నో నెలల తర్వాత ఆయన చెప్పులు గుర్తుపెట్టుకుని వేసుకోవడం అదే. గొళ్ళెం తీయమన్నారు. తీయకపోతే తలుపు మీద అరచేతులతో కొట్టడం మొదలుపెట్టారు, “అవతల మనిషి ఆగమైతున్నడు, తియ్యి!” అని. తీశాను.

ఇద్దరం వీధిలో నడిచాం. ప్రతి ఇంటి ముందూ ఆగి, కనిపించిన వాళ్ళకల్లా పైపు చూపించి తెలుగులో అడిగారు, “నీదేనా సార్?” లాన్‌కి నీళ్ళు పెట్టే అతను తల ఊపాడు కాదని. కుక్కని తిప్పే అమ్మాయి సారీ అంది. వెనక్కి వెళ్దామంటే వినరు, చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటారు. ఎండ ఇంకా తగ్గలేదు. ఆయన పెదవులు ఎండిపోయి తెల్లబడ్డాయి. నాలుగు వీధులు దాటాక నా వల్ల కాదనిపించి మా ఆయనకి ఫోన్ చేశాను. దారిలోనే ఉన్నట్టున్నాడు, అయిదు నిమిషాల్లో కార్ తెచ్చి పక్కన ఆపాడు.

“బాపూ, కార్ ఎక్కు.”

“ఎట్ల ఎక్కుత? మనిషి దొరకలే ఇంక,” అన్నారు మామయ్య. నడుస్తూనే ఉన్నారు, తూలుతూ.

మా ఆయన దిగి పట్టుకోబోతే, ఆయన పైపుని గుండెకి హత్తుకుని పెద్దగా అరిచారు. దొంగలు పడ్డట్టు అరిచారు. అతను చేతులు దించేసి రోడ్డు మీద నిలబడిపోయాడు. అప్పుడు నేను ముందుకెళ్ళి ఆయనకి ఎదురుగా నిలబడ్డాను.

“మామయ్యా, అది నాదే. నేనే కాలుస్తాను దాన్ని. పోగొట్టుకున్నాను.”

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశారు. నా వేళ్ళు చూశారు, దగ్గరికొచ్చి వాసన చూశారు. అబద్ధం కాదని ఆయనకి తెలిసినట్టుంది.

“నీదా? ముందుగాల చెప్పద్దా?” అని పైపు నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు ఆయనే మూశారు. “ఆడిపిల్లవు, గిదేం అలవాటు? సరే తియ్యి. పైలంగ పెట్టుకో, మళ్ళ పారేసుకోకు.”

ఆ తర్వాత ఏ గొడవా లేకుండా కార్ ఎక్కారు. నేను ముందు సీటులో కూర్చుని, ఒళ్ళో పైపు పెట్టుకుని, మా ఆయనతో, “వాళ్ళకి ఫోన్ చేసి సరేనను,” అన్నాను. అతను కార్ పక్కకి ఆపి, నంబర్ నొక్కి, ఇంగ్లీషులో పేరూ పుట్టినతేదీ చెప్పడం మొదలుపెట్టాడు. మామయ్య వెనక సీటులో హాయిగా వెనక్కి వాలారు. ఎవరి వస్తువు వాళ్ళకి చేరిందని ఆయనకి చాలా తృప్తిగా ఉంది.